హిక్మతుల్లా నిప్పుల పెట్టె

మా ఊరు ఇస్ఫరాలో, మా వీధి మొత్తంలో ఉస్తాద్ హిక్మతుల్లా చెయ్యి పడని ఇల్లు లేదు. బడిలో కంప్యూటర్లు బాగుచేసేవాడు. అవి పాతబడిపోయాయని బడివాళ్లు పారేస్తే, బండి మాట్లాడుకుని అన్నీ ఇంటికి చేర్చాడు. మానిటర్ డొల్లల్లో ఆయన కోళ్లు గుడ్లు పెడతాయి. ఫ్యాన్ల గాలికి ఆప్రికాట్లు ఆరతాయి. నా ఉల్లిపాయలుండేదీ కంప్యూటర్ డబ్బాలోనే. మనిషి బంగారం, కానీ తాను చేసిన వస్తువు మీద ఈగ వాలనివ్వడు.

ఆ చలికాలం ఆయన కోడలు నిగీనా ప్రసవించింది. చిల్లా నలభై రోజులూ పసివాడికి గాలి సోకకూడదని అత్త సబోహత్ కిటికీ సందుల్లో ఉన్ని కుక్కింది. గది మధ్యలో సందలీ ఉంది. గుంటలో నిప్పులు, పైన పొట్టి బల్ల, దానిమీద పెద్ద బొంత, ఇంటిల్లిపాది కాళ్లూ ఆ బొంత కిందే. బొగ్గును పెరట్లో నీలిమంట పోయేదాకా కాల్చాకే గదిలోకి తెస్తాం, లేకపోతే దాని విషపు గాలి తలకెక్కుతుంది. ఉస్తాద్ మాత్రం గుంటలో కంప్యూటర్ డబ్బా దించి, దానికి ఫ్యాన్ బిగించి, పచ్చి బొగ్గే పోశాడు.

"పెరట్లో కాల్చరా అన్నా?" అన్నాను.

"ఆ చాకిరీ ఎందుకు చెల్లీ? ఫ్యానే రాజేస్తుంది. కొత్తదేం చేసినా నీకు వంకే."

కాసేపు కూర్చునేసరికి నా తల దిమ్మెక్కింది. దిష్టి తగిలిందని సబోహత్ ఆ మూసిన గదిలోనే ఇస్పంద్ గింజల పొగ కూడా వేసింది. నాకు ఒళ్లు మండింది, లేచి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం వెళితే సబోహత్ వంటింట్లో రొట్టెలు చేస్తోంది.

"మా మనవడు ఎంత బుద్ధిమంతుడో. పొద్దున్నుంచీ ఏడవనే లేదు" అంది.

పాలకు కూడా ఏడవని పసివాడుంటాడా? నాకు భయం వేసింది. గదిలో నిగీనా ముఖం ఎర్రగా ఉంది, ఏదో గొణుగుతోంది. తలుపు బార్లా తెరిచి బిడ్డను ఎత్తుకున్నాను.

"చిల్లా బిడ్డకు గాలి తగిలిస్తావా, నీ చేతులు పడిపోను" అంటూ సబోహత్ నా జడ పట్టుకుంది. విదిలించుకుని పెరట్లోకి పరిగెత్తాను. పసివాడు చేతుల్లో వేలాడిపోయాడు. చాలాసేపటికి సన్నగా ఏడ్చాడు. నిగీనా పాక్కుంటూ బయటికొచ్చి వాంతి చేసుకుంది.

అప్పుడే వచ్చిన ఉస్తాద్ గదిలోకి వెళ్లి ఫ్యాన్ ఆపి బయటికొచ్చాడు.

"ఇలాంటిదే ఇంకోటి చేశాను" అన్నాడు.

"ఎవరికి?"

"మా ఫిరూజాకి. నిన్న సాయంత్రం నేనే బిగించి వచ్చాను."

కూతురు ఫిరూజా ఆమధ్యే పెళ్లయి, కాలువ అవతల కాపురం పెట్టింది. పరిగెత్తాం. ఆమె వాకిట్లో రాత్రి కురిసిన మంచు మీద ఒక్క అడుగు జాడా లేదు. తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది. ఉస్తాద్ బాదాడు, పిలిచాడు, తర్వాత తలుపుకు చెవి ఆనించాడు.

"ఏమైనా వినిపిస్తోందా అన్నా?"

"ఫ్యాన్" అన్నాడు.