పేరు పెట్టి పిలిస్తే పలకని తాతగారు

ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది చలీ కాదు, చదువూ కాదు, పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడం. మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వెళ్తూ, టార్నీట్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో సాయంత్రాలు భోజనం వడ్డించే పనికి కుదిరాను. ఎనభై దాటినవాళ్ళను కూడా అక్కడ అందరూ బాబ్, షీలా అంటూ చనువుగా పిలిచేవారు. నేనేమో మా తాతయ్య పేరు ఎవరైనా అడిగితే గొంతు తగ్గించి చెప్పే రకం (మా నాయనమ్మ అయితే ఆ పేరున్న కూరగాయలతన్ని కూడా 'ఏమయ్యా' అనే పిలిచేది).

అక్కడ తోటవైపు గదిలో ఒక ఫ్రెంచి పెద్దాయన ఉండేవారు. పేరు గియోమ్, రాసేది మాత్రం Guillaume అని. వంటాయన దాన్ని 'గిల్' అని తెగ్గొట్టేవాడు, నర్సు 'గ్విల్లామ్' అని సాగదీసేది. ఈ గొడవంతా ఎందుకని మేనేజరమ్మ 'బిల్' అని తేల్చేసింది. నేనేమన్నా తక్కువ తిన్నానా, కనబడ్డ అక్షరమల్లా పలకాల్సిందేనన్న తెలుగు పట్టుదలతో 'గుయిల్లౌమే' అన్నాను. ఎవరేమన్నా ఆయన పేపర్లోంచి తలెత్తేవారు కాదు. పాపం, చెవుడు ముదిరిందని అందరూ జాలిపడ్డారు. చివరికి, పిలిస్తే పలకని మనిషిని ఒంటరిగా ఉంచకూడదని, ఎప్పుడూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండే లోపలి వార్డుకు మార్చాలనుకున్నారు. కిటికీ అవతల ఆయన సొంతంగా పెంచుకునే టమాటా మొక్కలున్నాయి. అవి వదిలి ఆయనెలా ఉంటారోనని నాకు దిగులు పట్టుకుంది. ఫోన్లో ఒక ఆడగొంతు పలికే ఆ పేరు మళ్ళీ మళ్ళీ వింటూ మా రూమ్‌ వంటింట్లో సాధన మొదలుపెట్టాను. నాతో ఉండే భీమవరం అక్క రెండు రోజులు ఓపిక పట్టి, "ఒసేయ్, రైస్ కుక్కర్‌కి ఫ్రెంచ్ నేర్పుతున్నావేంటే? ఇంకోసారి అన్నావంటే నేను రూమ్ షిఫ్ట్ అయిపోతా" అంది.

ఆయన చెవులు పరీక్షించడానికి డాక్టరమ్మ వచ్చిన సాయంత్రం, మేనేజరమ్మ, నర్సు, వంటాయన వంతులవారీగా పిలిచారు. పేపరు కదల్లేదు. నన్ను పిలవమన్నారు. పేరు నాలుక చివరే ఉంది. కానీ అంతమంది ముందు అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, "తాతగారూ, భోజనానికి రండి" అని గొణిగాను. ఆయన పేపరు మడిచి, లేచి నిలబడ్డారు.

మరి మేం పిలిస్తే పలకరేమని మేనేజరమ్మ నిలదీసింది. "నన్నింతవరకూ ఎవరూ పిలవలేదుగా" అన్నారాయన తాపీగా. నేను పిలిచిందీ ఆయన పేరు కాదుగా అని ఆవిడ రెట్టించింది. "కాదు. కానీ ఈసారి ఈ అమ్మాయి ఏ పేరునీ పాడుచేయలేదు" అన్నారు. గది ఆయనకే ఉండిపోయింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. (మర్నాటి నుంచి వంటాయన 'టాటాగరూ' అని మొదలుపెట్టాడు. దానికీ ఆయన పలకలేదనుకోండి.)

సాధన మాత్రం నేను మానలేదు. ఉద్యోగం దొరికి ఆ పని మానేసే రోజున, సెలవు తీసుకోవడానికి వెళ్ళి, గుండె చిక్కబట్టుకుని "గియోమ్" అన్నాను, అచ్చం ఫోన్లో ఆడమనిషి పలికినట్టే. పేపరు దిగలేదు. మళ్ళీ అన్నాను. పేజీ తిప్పారు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, "తాతగారూ, వెళ్ళొస్తాను" అన్నాను. అప్పుడు తలెత్తి, "ఆఁ, నువ్వా అమ్మాయీ, ఇందాకటినుంచీ ఎవరో పరాయివాళ్ళనుకున్నాను" అన్నారు.