మరగబెట్టిన నీళ్ల ఐసు

అత్త పోయిన కబురు తమ్ముడు స్కూటరు మీద తెలిపారా పేటలోని మా ఇంటికి వచ్చి చెప్పాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, అత్త పోనాది. పొద్దున్నే స్టవ్ మీద నీళ్లెట్టిందంట, అక్కడే పడిపోనాది. మావయ్య చూసేసరికి నీళ్లు మరుగుతానే ఉన్నాయంట" అన్నాడు. ఆ నీళ్లు ఎందుకు పెట్టిందో నాకు తెలుసు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా లైనులో పెరిగిన పిల్లలందరికీ తెలుసు.

అత్త అంటున్నానే గానీ రక్తసంబంధం ఏమీ లేదు. మా క్వార్టరుకీ వాళ్ల క్వార్టరుకీ మధ్య గోడ ఒక్కటే, అంతే. మాలాగే వాళ్లదీ శ్రీకాకుళం వైపు నుంచి రైలు ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. మావయ్యకి స్టేషన్లో పార్సిల్ ఆఫీసు డ్యూటీ. పిల్లలు లేరు. లేరు అనేది అందరూ అనే మాట. అది పూర్తిగా నిజం కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

వేసవి సెలవుల్లో మా వీధిలోకి రంగు ఐసు అమ్మే గోలా బండి వచ్చేది. గోనె సంచిలో చుట్టిన ఐసు గడ్డ, పక్కన ఎర్రవీ పచ్చవీ రంగు సీసాలు. గంట వినబడితే మా కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు. సరిగ్గా అప్పుడే అత్త గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. "ఏటే, ఎక్కడికే? ఇలా రండి. చేతులు కడుక్కోండి" అనేది. తిట్టడం లేదు, బతిమాలడం లేదు. అయినా ఆ గొంతు వింటే అందరం వెనక్కి తిరిగేవాళ్లం. బండివాడికి అత్తంటే ఒళ్లుమంట. మా లైను దగ్గరికి రాగానే గంట ఇంకాస్త గట్టిగా కొట్టేవాడు.

అత్త ఐసుకి పని పొద్దున్నే మొదలయ్యేది. పెద్ద గిన్నెతో నీళ్లు మరగబెట్టేది. బుడగలు పైకి లేచాక కూడా చాలాసేపు దించేది కాదు. తర్వాత పళ్లెం మూతపెట్టి చల్లార్చేది. మా చేతులు సబ్బుతో కడిగించి, గోళ్లు చూసి, అప్పుడు లోపలికి రానిచ్చేది. ఆపరేషను చేసే డాక్టర్లు కూడా అంత తోముకోరని మా నాన్న ఎగతాళి చేసేవాడు. మరీ చిన్నవాళ్లకి పుచ్చకాయ గింజలు తీసే పని. కాస్త పెద్దవాళ్లు మామిడిపళ్లు పిసికేవారు. పల్చటి గుడ్డలో వడకట్టడం నా వంతు. పంచదార డబ్బా అటక మీదే ఉండేది. పండు పులుపైతే మగ్గిన అరటిపండు మెదిపి కలిపేది. పక్క లైను హిందీ పిల్లలు "ఆంటీ, బన్ గయా?" అంటూ, అయిపోయిందా అని పదిసార్లు అడిగేవారు. మాకేమో రంగు మీద దిగులు.

"అత్తా, గోలా అంత ఎర్రగా లేదేం?"

"పుచ్చకాయ ఎంత ఎర్రగుంటే ఐసూ అంతే ఎర్రగుంటాది. అంతకంటే ఎర్రగుంటే నాను ఇవ్వను" అనేది.

ఆ రసంలో చల్లారిన నీళ్లు కలిపి, చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి, పుల్ల గుచ్చి ఫ్రిజ్‌లో పెట్టేది. లైనులో మొదటి ఫ్రిజ్ వాళ్లదే. గొప్పకి కొన్నారని అనుకున్నవాళ్లూ ఉన్నారు. పుల్లలు మావయ్య చేసేవాడు. వరండాలో కూర్చుని, వెదురు చీల్చి, చిన్న కత్తితో చెక్కి, నేల సిమెంటు మీద రుద్ది నున్నగా చేసేవాడు. తలెత్తేవాడు కాదు. వాడిన పుల్లల్ని అత్త పారేయనిచ్చేది కాదు. వాటినీ నీళ్లలో మరగబెట్టి, ఎండలో ఆరబెట్టి, అలమరలో గాజు గ్లాసులో నిలబెట్టేది.

ఐసు తయారయ్యాక పిల్లలందరికీ ఇచ్చేది. ఆ సమయానికి పోస్ట్‌మాన్ వస్తే అతనికీ ఇచ్చేది. మావయ్యకి మాత్రం ఇచ్చేది కాదు. ఆయన పళ్లు జివ్వుమంటాయేమో అని చిన్నప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నేను హైస్కూలుకి వచ్చాక అమ్మ చెప్పింది. అత్తకి ఒక కొడుకు ఉండేవాడు. నాకన్నా ఏడాది పెద్ద. పార్సిల్ ఆఫీసులో చేపల బుట్టల మీద వేయడానికి వ్యాపారులు ఐసు గడ్డలు తెచ్చేవారు. మండుటెండల్లో ఒక ముక్క గోనెలో చుట్టి ఇంటికి తెచ్చుకోవడం స్టాఫుకి అలవాటు. ఎవరూ తప్పనుకోలేదు. మా నీళ్లు రైల్వేవి, స్కూలు రైల్వేది, నెత్తిన కప్పు రైల్వేది. రైల్వేది ఏదైనా మనదే, మనదైతే మంచిదే అన్నది లైనంతటికీ ఉన్న నమ్మకం. ఎవరో చేపల వ్యాపారి ఐసు కూడా ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి రైల్వే ఐసైపోయింది. ఒకరోజు మావయ్య ముక్క తెచ్చాడు, అత్త దంచి నిమ్మకాయ షర్బతులో వేసి పిల్లలకి ఇచ్చింది. సాయంత్రానికి వాడికి వాంతులు, విరేచనాలు. మర్నాడు ఆస్పత్రిలో సెలైను ఎక్కుతుండగానే పోయాడు.

ఆ షర్బతు నేనూ తాగానట. నాకూ అదే జబ్బు చేసింది. నేను లేచి తిరిగాను. వాడి ముఖం నాకు గుర్తులేదు, ఎంత ప్రయత్నించినా రాదు. అది నాకు ఇప్పటికీ బాధే. అత్త నా చేతికి ఐసు ఇచ్చి, నేను తిన్నంతసేపూ ఎందుకు చూసేదో మాత్రం ఆ రోజు అర్థమైంది.

పెళ్లయి తెలిపారా వచ్చేశాక కూడా వేసవిలో వెళ్లేదాన్ని. ఈసారి సెలవుల మొదట్లో మా బాబుని తీసుకెళ్లాను. అత్త వాడి గోళ్లు చూసి, పుచ్చకాయ గింజల పని అప్పగించింది. మావయ్య డ్యూటీకి వెళ్లాడు. ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అడిగేశాను.

"అత్తా, మావయ్యకి ఒక్కటీ ఇవ్వవేం? ఇంకా కోపమేనా?"

అత్త గుడ్డ పిండుతూనే చెప్పింది. "కోపమేటమ్మా. ఐసు ఆయన తెచ్చారు. దంచినదాన్ని నాను. గ్లాసు నా బాబు నోటికి అందించినదాన్ని నాను. ఆయనకి ఇస్తే పక్కన కూకుని నానూ తినాల. నాకు గొంతు దిగదు."

అప్పుడు గానీ నాకు తట్టలేదు. అన్ని వేసవుల్లో అత్త ఐసు నోట్లో పెట్టుకోగా నేను చూడలేదు.

"ఈ మాట ఆయనకి చెప్పావా?"

"ఏటని చెప్పీది? ఆ రోజు ఊసెత్తితే ఆయన బతకరు" అంది.

దహనం అయిన మర్నాడు, పక్కవాళ్లు తెచ్చిన పాలు పెడదామని అత్త వాళ్లింట్లో ఫ్రిజ్ తెరిచాను. పైన గ్లాసులు వరసగా ఉన్నాయి. మామిడిపండు ఐసు. పోయే ముందు రోజు చేసి ఉంటుంది. మావయ్య వంటగది గుమ్మంలో నిలబడి, "పిల్లలకిచ్చీయమ్మా. ఆళ్ల కోసమే" అన్నాడు. పిల్లలు వరండాలో కూర్చుని తిన్నారు. ఇంకొకటి కావాలని ఎవరూ అడగలేదు.

ఒకటి మిగిలింది. గ్లాసు నీళ్లలో ముంచి, ఐసు ఊడదీసి మావయ్యకి ఇవ్వబోయాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకొద్దమ్మా. మీ అత్త నాకెప్పుడూ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నాకెరికే."

అత్త అన్నది అన్నట్టుగా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. "అచ్ఛా" అన్నాడు. నా చేతిలోని ఐసు వైపు చూస్తూ, "తనూ తినలేదా? నాను ఎప్పుడూ చూసుకోలేదమ్మా" అన్నాడు.

అప్పుడు చెయ్యి చాపి ఐసు తీసుకున్నాడు. తినలేదు. పట్టుకుని కూర్చున్నాడు. అది కరిగి మణికట్టు మీదుగా మోచేతి దాకా జారి, వరండా సిమెంటు మీద చుక్కలు చుక్కలుగా పడింది. చివరికి ఆయన చెక్కిన పుల్లే ఆయన చేతిలో మిగిలింది.

మావయ్య లేచి వంటగదిలోకి వెళ్లాడు. అత్త పడిపోయిన రోజు ఆర్పేశాక ఎవరూ ముట్టుకోని స్టవ్ వెలిగించి, గిన్నెతో నీళ్లు పెట్టి, పుల్లని అందులో వేశాడు. బుడగలు పైకి లేచాయి. ఆయన చాలాసేపు గిన్నె దించలేదు.