తేనెటీగలకు చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా అమ్మ లింగంపల్లి రైలుకట్ట పక్కన ఒక తెల్ల దొరసాని ఇంట్లో పనిచేసేది. ఇప్పుడు అక్కడ అద్దాల మేడలు లేచాయి. అప్పుడు రాళ్లూ, జామచెట్లూ, ఆమె పెంకుటిల్లూ, అంతే. రైల్వేలో పనిచేసిన ఆమె భర్త చనిపోయినా ఆమె విలాయత్‌కు తిరిగి పోలేదు. పెరట్లో నాలుగు చెక్కపెట్టెల్లో తేనెటీగలను పెంచుకుంటూ, వచ్చీరాని తెలుగు మాట్లాడుతూ ఇక్కడే ఉండిపోయింది. నేనూ తమ్ముడూ అమ్మ వెంట రోజూ అక్కడికే పోయేవాళ్లం.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఒక వానాకాలం, తమ్ముడికి జ్వరం వచ్చింది. నాయన వాణ్ని ఎత్తుకుని దవాఖానకు పోయాడు. ఒక్కడే తిరిగి వచ్చాడు. "చిన్నోడు అమ్మమ్మ ఊళ్లె ఉన్నడు, బలమొచ్చినంక వస్తడు" అన్నాడు. ఇంట్లో అందరిదీ అదే మాట. నేను నమ్మాను. నాకు ఏం పెట్టినా సగం వాడికని గిన్నె కింద మూసిపెట్టేదాన్ని. తెల్లారేసరికి అది ఉండేది కాదు. పిల్లి తిన్నదని అమ్మ అనేది. మా తిండి తిన్నందుకు ఆ పిల్లిని ఎన్ని తిట్లు తిట్టానో! నేను తిడుతుంటే అమ్మ మొహం అటు తిప్పుకునేది.

ఒకరోజు దొరసాని నాకు జామపండు ఇచ్చింది. ఇంకొకటి అడిగాను.

"నీకు ఆశ ఎక్కువ" అంది.

"నాకు గాదమ్మా, మా తమ్మునికి. వస్తడు గదా!"

ఆమె లోపలికి పోయి ఇంటి తాళంచెవి, నాలుగు నల్లగుడ్డ పీలికలు తెచ్చింది. నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిచింది. వాళ్ల దేశంలో ఒక ఆచారం ఉందట. ఇంట్లో ఎవరైనా పోతే ఆ సంగతి తేనెటీగలకు చెప్పాలట. అవీ ఇంటివాళ్లేనట. దాచిపెడితే అలిగి ఎగిరిపోతాయట, లేదా పెట్టెల్లోనే చచ్చిపోతాయట. విలాయత్‌లో ఆమెవాళ్లు ఎవరో పోయారేమో అనుకున్నాను.

మొదటి పెట్టెను తాళంచెవితో మూడుసార్లు తట్టింది. నల్లగుడ్డ కట్టి, వంగి, మెల్లగా చెప్పింది.

"ఈగల్లారా, మన చిన్నోడు సచ్చిపోయిండు. ఇగ రాడు."

రెండో పెట్టె దగ్గరా అదే మాట. మూడో పెట్టె దగ్గరా అదే. నాలుగో దాని దగ్గర తాళంచెవి నా చేతిలో పెట్టి నన్ను చెప్పమంది. తట్టి, చెప్పాను. నా గొంతులో విన్నాకే ఆ మాట నాకు నిజమైంది.

నా ఏడుపు విని అమ్మ గిన్నెలు వదిలి ఉరికొచ్చింది. పెట్టెలకు కట్టిన గుడ్డలు చూసింది.

"పసిదానికెందుకు చెప్పినవమ్మా? నీ నోట్ల మన్నువడ!"

"పిల్లకు నేను చెప్పలేదు. ఈగలకు చెప్పిన" అంది దొరసాని.

అమ్మ అక్కడే కూలబడింది. అన్ని రోజులూ నా ముందు కంటనీరు పెట్టని మనిషి, నన్ను ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. మర్నాటి నుంచి ఆ ఇంటి పని మానేసింది. ఇంకో చోట పని దొరికేదాకా ఎన్నో పూటలు పస్తున్నాం. దొరసాని చేసింది తప్పో ఒప్పో, అమ్మ చచ్చేదాకా ఆ ఊసెత్తలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

నిరుడు బోరబండలో మా ఆయన పోయినప్పుడు, క్యాబ్ నడిపే నా కొడుకు నన్ను పక్కకు పిలిచాడు.

"తాత ఊరికి పోయిండని పాపకు చెప్దామమ్మా. పరేషాన్ అయితది."

"ఊరికి పోయినోడు తిరిగొస్తడురా" అన్నాను.

ఆరేళ్ల మనవరాలిని శవం పక్కన కూర్చోబెట్టుకుని నేనే చెప్పాను. కోడలు నాది రాతిగుండె అంది. అననీ. చావు జరిగిన ఏ ఇంటికి పోయినా నేను ముందు పిల్లలెక్కడని అడుగుతాను. వాళ్లకు ఎవరూ చెప్పలేదంటే ఆ పని నేనే చేస్తాను. ఇన్నేళ్లయినా ఆ మాటకు నా నోరు అలవాటు పడలేదు.