ఎడ్నా ఇంటికి ముగ్గురొచ్చారు

ఎడ్నా ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్న రోజే నాకు అర్థమై ఉండాల్సింది. ముందు గదిలో గోడవారగా ఆరు పరుపులు చుట్టలు చుట్టి పెట్టి ఉన్నాయి. అప్పటిదాకా ఆ ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. "ఇన్నెందుకమ్మా?" అంటే, "ఎవరైనా వస్తే కటిక నేల మీద పడుకోబెడతామా అక్కా?" అంది.

మాది ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో అనే ఊరు. ఇద్దరం లావోస్‌లోని తాఖేక్‌లో, మెకాంగ్ నది ఒడ్డున ఒకే బడిలో పనిచేస్తాం. తను లెక్కలు చెబుతుంది, నేను ఇంగ్లీషు. తనొచ్చి పదకొండేళ్ళు, నేనొచ్చి ఆరేళ్ళు. పరాయి దేశంలో ఇన్నేళ్ళుంటే కొందరికి చుట్టాల పిచ్చి పడుతుంది. ఎడ్నాకి అది ముదిరింది. స్నేహితురాలి ఆడపడుచు తోటికోడలు వస్తున్నా సరే, గొడుగు పట్టుకుని బస్టాండుకు పోయేది. మొదటి పూట మా ఊరి పుల్లటి చేపల పులుసు, మర్నాడు నది ఒడ్డు, ఆ తర్వాత కొంగ్లోర్ గుహ. ఆ గుహను పంతొమ్మిది సార్లు చూసింది. వచ్చినవాళ్ళతో పాటు పంతొమ్మిది సార్లూ "అబ్బా!" అంది. నన్నూ ఈడ్చుకుపోయేది. నా మోకాళ్ళ సంగతి ఎవరికి కావాలి? వాళ్ళు వెళ్ళిపోయాక దుప్పట్లు ఉతికి ఆరేసి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఎన్ని పిలుపులు పిలిచినా రానిది ఒక్కతే, పురీటా. కాలేజీ హాస్టల్లో ఒకే మంచానికి కింద ఎడ్నా, పైన పురీటా. నాలుగేళ్ళు అలాగే పడుకున్నారట. ఏటా వస్తాననేది. ఒక ఏడు అత్తగారికి జబ్బు, ఒక ఏడు ఇంటి కప్పు, ఒక ఏడు సెలవు దొరకలేదు. పోయినేడాది ఫోన్లో ఎడ్నా అరవడం వంటింట్లోంచి నేను విన్నాను. "నువ్వు బతికుండగా రానే రావే! నాకు తెలుసు!"

ఈ ఏడు నిజంగానే టికెట్టు కొంది. ఆమె, మందుల షాపు నడిపే రోవెనా, మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా డెల్ఫా, ముగ్గురూ ఒకే హాస్టలు జట్టు. ఎడ్నా మూడు పరుపులు ఎండలో వేసి కర్రతో బాదింది. ఇంకా వారం ఉందనగా, బట్టలు ఇస్త్రీ చేస్తూ చేస్తూ పురీటా కుప్పకూలి ప్రాణం వదిలింది. పరీక్షల రోజులు, ఊరికి పోయి చూసి రావడానికి ఎడ్నాకి సెలవివ్వలేదు. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. "నా నోరు పడిపోను అక్కా, అంత మాట ఎందుకన్నాను?" అని పదిసార్లు అడిగింది. ఊరుకోవే, మాట తగిలి ఎవరూ చావరు అన్నాను.

పరీక్షలు ముగిసిన మర్నాడు మిగతా ఇద్దరూ వచ్చారు. చావింటి నల్ల బట్టల్లోనే ఉన్నారు. కళ్ళు వాచి ఉన్నాయి. ఎడ్నా మూడో పరుపు తియ్యలేదు.

మర్నాడు పొద్దున గది ఊడవబోతే మూడో దుప్పటి నలిగి కాళ్ళ దగ్గరికి తన్నేసి ఉంది. తలగడ మీద గుంట. "ఏమే డెల్ఫా, రెండు పరుపుల మీద దొర్లావా?" అంటే డెల్ఫా పకపకా నవ్వి, "నేనెందుకు దొర్లుతానక్కా, రోవెనానే," అంది. రోవెనా, "పోవే, నేను పక్క మారనేలేదు," అంది. ఇద్దరూ ఒకర్నొకరు ఆటపట్టించుకుంటున్నారు. ఎడ్నా ఒక్కతే నవ్వలేదు. దుప్పటి మడత పెట్టి, ముఖానికి ఆనించుకుని వాసన చూసింది.

మూడో రోజు వ్యాను మాట్లాడుకుని, సామానంతా వేసుకుని కొంగ్లోర్ వెళ్ళాం. గుహ చూపించి అటునుంచి వాళ్ళని బస్సెక్కించాలని ఎడ్నా లెక్క. ఆ రాత్రి గుహ దగ్గరి ఊళ్ళో పడుకున్నాం. పొద్దున హోటలావిడ జిగురన్నం చిన్న చిన్న వెదురు బుట్టల్లో పెట్టి తెచ్చింది. మనిషికో బుట్ట. ఐదు తెచ్చింది.

"నలుగురమేనమ్మా," అన్నాను.

ఆవిడ నా వంక చూసి, డెల్ఫా పక్కన ఖాళీ కుర్చీ వంక చూసి, బుట్ట అక్కడే పెట్టి లోపలికి పోయింది. రోవెనా చేతిలో చెంచా జారి కింద పడింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

మా వాళ్ళలో శవాన్ని వారం పైనే ఉంచి, రోజూ రాత్రి దాని దగ్గర జాగారం చేస్తారు. ఆ జాగారానికి వెళ్ళినవాళ్ళు నేరుగా ఇంటికి రారు. దారిలో ఏ కాఫీ కొట్టు దగ్గరో ఆగి, కాసేపు కూర్చుని, బట్టలు దులుపుకుని కదులుతారు. అలా ఆగకపోతే పోయిన మనిషి వెంట వచ్చి, వాళ్ళు ముందుగా తొక్కిన గడప లోపలే ఉండిపోతుందని మాకు భయం. చదువుకున్నవాళ్ళం, నవ్వుతాం, కానీ ఆగుతాం. వీళ్ళిద్దరూ తెల్లవార్లూ పురీటా శవం దగ్గర కూర్చుని, పెట్టెలతో సహా అటునుంచి అటే విమానానికి వచ్చేశారు.

"ఎక్కడా ఆగలేదా?" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"ఎయిర్‌పోర్టులో ఆగాం కదక్కా! మూడు గంటలు కూర్చున్నాం! కాఫీ తాగాం!" అంది రోవెనా.

"ఓసి పిచ్చిమొహమా, ఆ విమానానికి పురీటాకీ టికెట్టుంది కదే! అక్కడ దులిపితే అదెందుకు దిగిపోతుంది?" అన్నాను.

డెల్ఫా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా ఇద్దరి మధ్య సీటు దానిదే అక్కా. ఎవరూ కూర్చోలేదు. దారంతా నా భుజం ఒక పక్క చల్లగా ఉంది. ఏసీ అనుకున్నాను."

ముందుగా తొక్కిన గడప ఎడ్నాది. నాదీ అదే ఇల్లు. నా గదికీ ఆ పరుపులకీ మధ్య ఒక్క చెక్క గోడ. రోవెనా వెంటనే తేల్చేసింది. "గుహలో దులిపేద్దాం. అక్కడ ఎవరూ కాపురముండరు. దాన్ని అక్కడ వదిలేసి, నీ ఇంటికి రాకుండా మేం బస్సెక్కేస్తాం. నీకు బెడద ఉండదు ఎడ్నా."

ఎడ్నా ఐదో బుట్ట మూత తెరిచి పెట్టింది, ఆవిరి పోయి అన్నం చల్లారేలా.

కొంగ్లోర్‌లో నది కొండ కిందుగా పోతుంది. ఏడు కిలోమీటర్లు చీకటి. పడవకు ముగ్గురికి మించి ఎక్కించుకోరు. రోవెనా, డెల్ఫా ముందు పడవలో కూర్చున్నారు. వెనక దాంట్లో ఎడ్నా, నేను. ఎవరో తెల్ల కుర్రవాడు ఒంటరిగా వచ్చాడు, మా పడవలో చోటుంది కదా అని కాలు పెట్టబోయాడు. పడవవాడు చెయ్యి అడ్డం పెట్టి, మూడు వేళ్ళు చూపించి, నిండిపోయిందన్నాడు. ఎడ్నా నా వంక చూసింది. నేను నీళ్ళ వంక చూశాను.

లోపల మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. నీళ్ళు తక్కువైన చోట దిగాలి, పడవవాళ్ళే దాన్ని లాగుతారు, మళ్ళీ ఎక్కాలి. పడవవాడు చెయ్యి అందించి ఎడ్నాని ఎక్కించాడు, నన్ను ఎక్కించాడు. మళ్ళీ చెయ్యి చాపాడు. అలాగే ఉంచాడు. వాడి తలకు కట్టుకున్న దీపం వెలుగులో ఆ అరచెయ్యి కనిపిస్తూనే ఉంది. తర్వాత మెల్లగా వేళ్ళు మూసి, జాగ్రత్తగా లోపలికి లాగి, పడవ నెట్టాడు. పడవ నా వెనక కొంచెం కిందికి దిగింది. నేను వెనక్కి తిరగలేదు. చచ్చినా తిరగను.

తిరిగి వచ్చేటప్పుడు, గుహ మధ్యలో ఇసుక తిన్నె మీద దిగాం. రోవెనా, డెల్ఫా చేతులు, భుజాలు, పావడాలు టపటపా దులుపుకున్నారు. ఆ చప్పుడు గోడలకు తగిలి తిరిగొస్తోంది. "వెళ్ళొస్తాం పురీటా, ఏమీ అనుకోకే," అని డెల్ఫా ఏడ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ దులుపుకున్నాను. బాగా దులుపుకున్నాను.

ఎడ్నా కదల్లేదు.

"దులుపుకోవే!" అని అరిచింది రోవెనా. "నీ ఇంటి బెడదే కదా వదిలిస్తున్నాం!"

"అది దీపం లేకుండా పడుకోదు," అంది ఎడ్నా. "హాస్టల్లో నాలుగేళ్ళు దాని దీపం వెలుగు నా కళ్ళలో పడేది. ఇక్కడెలా వదుల్తాను?"

"అది బతికి లేదే ఎడ్నా!"

"తెలుసు. దాని శవం చూడ్డానికి కూడా నేను పోలేదు. పిలిచిపిలిచి, తిట్టితిట్టి, పదకొండేళ్ళకి వస్తే, దానికి తెలియని కొండలో పారేసి పొమ్మంటారా? దిక్కు లేని చోట ఒక్కదాన్నే దిగితే ఎలా ఉంటుందో మీకు తెలీదు. నాకు తెలుసు. మొదటి ఏడాది రోజూ ఏడ్చాను." ఎడ్నా చీకట్లోకి చెయ్యి చాపి, వేళ్ళు మూసుకుని, పడవ వైపు నడిచింది.

మధ్యాహ్నానికే వాళ్ళిద్దరినీ బస్సెక్కించాం. మా ఊరి దారి వైపు మొహం కూడా తిప్పలేదు వాళ్ళు. వ్యానులో వస్తూ నేనే అడిగాను. "మరి నా సంగతేమిటే? నేనా ఇంట్లో పడుకోవద్దా?"

"నీకేం భయం అక్కా? నువ్వు దులుపుకున్నావు కదా," అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇంకా వెలుతురుండగానే ఇల్లు చేరాం. ఎడ్నా తాళం తీసి, లైటు వేసి, తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. "రా, గడప ఎత్తుగా ఉంది, చూసుకో," అంది. నన్నే అనుకుని కాలు ముందుకేశాను.

నా భుజం పట్టి ఆపింది. "నువ్వు కాదక్కా. ఒక్క నిమిషం."

నేను గోడకు ఆనుకుని దారి ఇచ్చాను.