ఉస్తాద్ వేలికి తెలిసిన ఉక్కు

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్క సందులో నాకు చిన్న లేత్ షాపు ఉంది. గేట్లు, గ్రిల్లులు చేసే షెడ్ల మధ్య మేము యుద్ధవిమానాల రెక్క కీళ్లలో కూర్చునే ఉక్కు బుష్షులు, అంటే లోపల నున్నగా ఉండాల్సిన చిన్న గొట్టం ముక్కలు, చేసేవాళ్లం. లేత్ మీద పనిచేసే పెద్దాయన సంతోష్‌నగర్ నుంచి వచ్చేవారు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. బుష్షు లోపల చూపుడువేలు తిప్పి, "ఇంక జర గరుకుంది సేట్" అనేవారు. పరికరం పెట్టి చూస్తే ఆయన మాటే నిజమయ్యేది.

ఒక విడత విమానాలు పూర్తయ్యాయి. తర్వాతి ఆర్డరు ఢిల్లీ ఫైళ్లలో ఆగింది. "ఆర్నెల్లు ఓపిక పట్టండి, మీలాంటి షాపులు దేశానికి కావాలి" అన్నాడు విమానాల ఫ్యాక్టరీ అధికారి. ఆ ఆర్నెల్లు మూడేళ్లయ్యాయి. చెరుకురసం మిషన్లకు రోలర్లు చేసి నెట్టుకొచ్చాను. నా షాపులోని ఫిట్టర్లిద్దరూ దుబాయ్ వెళ్లిపోయారు. ఒక మధ్యాహ్నం ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"రోలర్లకు నేనెందుకు సేట్? పురానాపూల్ల మా చుట్టపోల్ల గ్రిల్ షాపుంది. గాడికి పోత."

"ఆర్డరొస్తే వస్తరా ఉస్తాద్?"

"పిలుస్తే రానా?"

తర్వాత వారానికోసారి ఆ లేత్‌ను ఒంటరిగా నడిపి, నూనె పోసి, గుడ్డ కప్పేవాణ్ని. అది పాడవకుండా ఉంటే చాలనుకున్నాను.

ఆర్డరు వచ్చిన రోజే పురానాపూల్ వెళ్లాను. ఉస్తాద్ కిటికీ గ్రిల్లుకు వెల్డింగ్ చేస్తున్నారు. సంగతి చెప్పగానే నల్ల కళ్లద్దాలు తీసి నవ్వారు. మర్నాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, నాలుగు రోజులు కష్టపడి మూడు బుష్షులు చేశారు. ఫ్యాక్టరీ నుంచి తనిఖీకి వచ్చినాయన లోపల గరుకుందని మూడింటినీ పక్కన పెట్టేశాడు.

ఉస్తాద్ ఒకదాన్ని తీసుకుని వేలు లోపల తిప్పారు. మళ్లీ తిప్పారు. నిప్పురవ్వలకు కాలి కాలి ఆ వేలి కొస పాదం మడమలా గట్టిపడింది.

"తెలుస్తలేదు సేట్," అన్నారు మెల్లగా.

"అలవాటైతది, ఇంకో వారం చూద్దాం."

"వద్దు. విమానంల మనిషి కూసుంటడు."

ఆయన్ని బస్సెక్కించి వచ్చి, ఆర్డరు చేయలేనని ఉత్తరం రాశాను. అధికారి ఫోన్ చేశాడు.

"అదేంటండీ, మీ షాపు మా జాబితాలో ఉంది. మిషన్లు అమ్మేశారా?"

"ఉన్నయ్ సార్. అన్నీ నడుస్తున్నయ్. చేసేటోళ్లే లేరు."

ఇంకెవరికైనా నేర్పించమన్నాడు. నేర్పాల్సిన వేలికే ఇప్పుడు తెలియడం లేదు; ఫోన్ పెట్టేసి వెళ్లి లేత్ మీద గుడ్డ కప్పాను.