డిస్కు పారేయమన్నదెవరు?

సాంప్లర్ బాగైందని హైదరాబాద్ నుంచి వచ్చిన ఫోను నాకు రాలేదు, మా ఆయనకు వచ్చింది. నా కోపం అక్కడే మొదలైంది. మా ఆయన ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాడు. ఆ యంత్రానికి స్విచ్చు ఏ పక్కన ఉంటుందో కూడా ఆయనకు తెలియదు. సిద్దిపేటలో మా మేడమీది గదిలో కూర్చుని బతుకమ్మ పాటలకు, జానపదాలకు సంగీతం కట్టేది నేను. రిపేరు షాపులో రాసిచ్చిన నంబరు కూడా నాదే. అయినా పక్కన మగమనిషి ఉన్నాడు కదా అని ఆయన నంబరు కూడా అడిగి తీసుకున్నారు. తర్వాత దానికే చేశారు.

సాంప్లర్ అంటే ఏ చప్పుడునైనా రికార్డు చేసి, కీబోర్డు మెట్ల మీద వాయించుకునే పెట్టె. మాది బాగా పాతకాలంది, మూతపడిన ఒక స్టూడియో నుంచి తెచ్చుకున్నాను. కరెంటు తీస్తే దానికి ఏమీ గుర్తుండదు. శబ్దాలన్నీ లావుపాటి వైరుతో తగిలించిన ఒక ఇనుప డబ్బాలో, డిస్కు మీద ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు అందులోంచి సాంప్లర్‌లోకి ఎక్కించుకోవాలి.

ఆ డిస్కులో నంగునూరు దగ్గరి ఒక పెద్దాయన డోలు దెబ్బలున్నాయి. ఆయన ఒగ్గు కథ మేళంలో డోలు కొట్టేవాడు. మా మేడ మీద చాప వేసుకుని, ఒక్కో దెబ్బా విడివిడిగా కొట్టి రికార్డు చేయించాడు. ఆ తర్వాత పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. దసరాకు కొత్త పాట చేద్దామని మేళం వాళ్లు నా దగ్గరికొచ్చినప్పుడు ఆయన కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. "నా చెయ్యి పోయింది గని, నీ డబ్బల ఉన్నది గద బిడ్డా. అండ్లకెళ్లి కొట్టు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే, పండక్కి ఇల్లు దులిపిన మర్నాడు, సాంప్లర్ తెర మీద డిస్కు లేదని వచ్చింది. డబ్బాలో దీపం వెలుగుతోంది, లోపల డిస్కు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. సాంప్లర్ మాత్రం లేదంటోంది. వైరు మార్చి చూశాను. ఫలితం లేదు. అంతకు మించి నాకప్పుడు తెలియదు. రెండు పెట్టెలూ కట్టుకుని, మా ఆయనను తోడు తీసుకుని హైదరాబాద్ పోయాను.

షాపాయనకు నేను చెప్పాను: "అన్నా, ఇల్లు దులిపిన తెల్లారి నుంచి గిట్లయింది. డిస్కు తిరుగుతుంది. ఎనుక ఏదన్న కదిలిందేమో చూడుండ్రి."

ఆయన నా మొహం కూడా చూడలేదు. మా ఆయన వైపు తిరిగి, "పాత డిస్కులు ఇంతే సార్. మీరు పెట్టిపోండి, నేను చూసి చెప్త" అన్నాడు. మా ఆయన తల ఊపాడు. లెక్కలు దిద్దేటప్పుడు ఎలా ఊపుతాడో అలాగే, అంతా అర్థమైనట్టు.

మళ్లీ వెళ్లేసరికి సాంప్లర్‌లోనే మెమరీ కార్డు పెట్టే పరికరం బిగించి ఉంది. తెర మీద కార్డు కనిపిస్తోంది, ఖాళీగా.

"నా డిస్కేది?" అన్నాను.

"అది పోయింది మేడం. పక్కకు పడేసినం. సార్‌కు ఫోన్ చేసి అడిగిన కదా, సరే అన్నరు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాడు.

అక్కడ ఏం మాట్లాడానో అన్నీ గుర్తులేవు. నా గొంతు విని పక్క షాపువాళ్లు గుమ్మంలోకి వచ్చారు. ఆయన "ఇంత చిన్నదానికి ఎందుకు మేడం" అంటుంటే, నేనే లోపలికి పోయి తుక్కు పడేసే అట్టపెట్టెలు కెలికాను. విరిగిన స్పీకర్ల కింద నా డబ్బా దొరికింది. పైమూత లేదు, దుమ్ము పట్టి ఉంది. దాన్ని చున్నీలో చుట్టుకుని బయటికొచ్చాను.

బస్సు గజ్వేల్ దాటింది. తర్వాత అడిగాను: "పారేయమని ఎట్ల చెప్పినవ్?"

"నాకేం ఎర్క? ఆయన అడిగిండు, నేను సరే అన్న."

"నన్ను అడగాల్నా వద్దా?"

"నువ్వు వంటింట్ల ఉన్నవ్."

వంటిల్లు మా ఇంట్లో ఆయన కుర్చీకి ఎదురుగానే ఉంది. "పోయిన ఏడు నీ బండి ఖరాబైతే మెకానిక్ నాకు ఫోన్ జేసి పారేయాల్నా అంటే, నువ్వు స్నానానికి పోయినవని నేను సరే అంటే ఊకుందువా?" అన్నాను. "గదీ గిదీ ఒకటేనా?" అన్నాడు. ముందు సీటామె వెనక్కి తిరిగి చూసింది. చూడనీ అనుకున్నాను.

ఇంటికొచ్చి, పాత సాంప్లర్లు వాడేవాళ్లు ఇంటర్నెట్‌లో రాసుకున్నవి చదవడం మొదలుపెట్టాను. ఒకే వైరు మీద ఉన్న ప్రతి పెట్టెకూ వేరువేరు నంబరు ఉండాలట. డబ్బా వెనుక నొక్కితే అంకె మారే చిన్న మీట ఉంది. చూస్తే ఆరు. సాంప్లర్ సొంత నంబరూ ఆరే. దులిపేటప్పుడు గుడ్డ తగిలి మీట ఒత్తుకుపోయింది, అంతే. షాపాయన నేను చెప్పిన మాట విని వెనక్కి తిప్పి చూసుంటే అక్కడికక్కడే తేలిపోయేది. అది అర్థమైనప్పుడు సంతోషం కలగలేదు. ఇంకా మండిపోయింది.

ఐదుకు మారిస్తే తెర బిగుసుకుపోయింది. కొత్తగా బిగించిన కార్డుకు వాళ్లు ఐదే ఇచ్చారు. నాలుగుకు మార్చాను. ముందు డబ్బా స్విచ్చు వేసి, డిస్కు పూర్తిగా తిరగడం మొదలయ్యాక సాంప్లర్ స్విచ్చు వేశాను. డిస్కు కనిపించింది! కానీ శబ్దం ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగిపోయింది. "డిస్కు చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చేయాలా?" అని తెర మీద ప్రశ్న వచ్చింది. చేస్తే ఉన్నదంతా చెరిగిపోతుంది.

వెనుక నిలబడి చూస్తున్న మా ఆయన, "ఎస్ నొక్కు. అడుగుతుంది గద" అన్నాడు.

"ముందు నువ్వు కిందికి పో!" అని అరిచాను. పోయాడు.

స్విచ్చు ఆపి డబ్బా వెనుక మళ్లీ చూశాను. వైరు వరసలో చివరి పెట్టెకు టెర్మినేటర్ అనే చిన్న ప్లగ్గు మూతలా బిగించి ఉండాలి. అది లేకపోతే సంకేతాలు చివరిదాకా పోయి వెనక్కి తిరిగొచ్చి అంతా కలగాపులగం చేస్తాయి. నేను ఇచ్చినప్పుడు ఆ ప్లగ్గు ఉంది. ఇప్పుడు లేదు.

ఫోను చేస్తే షాపాయన చూస్తానన్నాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మర్నాడు పొద్దున బస్సెక్కి ఒక్కదాన్నే పోయాను.

"సార్ రాలేదా?" అన్నాడు.

"పెట్టె నాది. మాట్లాడేది నాతోని. నా ప్లగ్గు ఇచ్చేదాక ఈడనే కూసుంట" అని కౌంటర్ ముందున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. వచ్చినవాళ్లందరికీ, వాళ్లు అడగకపోయినా, ఎందుకు కూర్చున్నానో చెప్పాను. మధ్యాహ్నానికి ఆ ప్లగ్గు స్క్రూల డబ్బాలో దొరికింది. "సారీ" అన్నాడు, అదీ గొణుగుతూ. నేను ఫర్వాలేదనలేదు.

ఇంటికొచ్చి బిగించాను. ముందు డబ్బా, తర్వాత సాంప్లర్. ఈసారి ఎక్కడా ఆగకుండా ఎక్కింది. ఒక మెట్టు నొక్కితే డోలు మోగింది. ఇంకేమీ చేయకముందే అన్నీ ఆ కొత్త కార్డులోకి కాపీ చేసుకున్నాను. ఆ షాపాయన అంటగట్టిన కార్డే పనికొచ్చిందన్న సంగతి ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

మేళం వాళ్లు వచ్చిన రోజు పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టాం. చాయ్ తెచ్చిన మా ఆయన, "హైదరాబాద్ల బాగు చేపిచ్చినం" అని చెప్పబోయాడు.

"చేపియ్యలే. నేనే చేసిన. ఈయన పారేయమన్నడు" అన్నాను అందరి ముందూ.

పెద్దాయన మా ఆయనను ఎగాదిగా చూశాడు. "నా చెయ్యిని పారేయమన్నవా సారూ?"

మా ఆయన చాయ్ పళ్లెం కింద పెట్టాడు. "నాకు ఎర్కలేక అన్న" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "అడగాల్సింది" అన్నాడు.

నేను కీబోర్డు మెట్ల మీద వేళ్లు పెట్టి మొదటి దెబ్బ కొట్టాను. పెద్దాయన కళ్లు మూసుకుని, ఎడమచేత్తో తొడ మీద తాళం వేస్తూ, "ఇంకింత గట్టిగ, బిడ్డా" అన్నాడు. గట్టిగా కొట్టాను. ఆ రోజు నాకు మెల్లగా కొట్టడం ఎలాగూ చేతనయ్యేది కాదు.