సద్దిడబ్బాలో చేప బిళ్ళలు

మా ఆయన తిండి దగ్గర దొంగ అని పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాను. పల్లీలు వేయించి అటు తిరిగితే గిన్నె సగమయ్యేది. అడిగితే పిల్లి పేరు చెప్పేవాడు. మా ఇంట్లో పిల్లి లేదు. అయినా డ్యూటీ దిగి వచ్చేటప్పుడు కళ్ళూ పళ్ళూ తప్ప ఇంకేమీ కనపడని ఆ మొహం చూస్తే నా కోపం నిలబడేది కాదు. మా గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అంటాం. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్ళన్నీ ఉడుకుతున్న ఏళ్ళవి. ఒక వానాకాలం గమ్‌బూటు ఒరుసుకుని ఆయన కుడికాలి చిటికెన వేలు మీద పుండు లేచింది. పసుపు పెట్టాం, మందు రాశాం, మానలేదు. గోదావరి దాటి మంచిర్యాలలో ఒక డాక్టరుకు చూపిస్తే రక్తపరీక్ష చేయించి, షుగరు బాగా ఎక్కువుందన్నాడు.

"బియ్యం, గోధుమ, జొన్న, మక్క ఏదీ వద్దమ్మా. పప్పు గూడ తగ్గించు. పుండు మానేదాక చేప పెట్టు, గుడ్డు పెట్టు, ఆకుకూర పెట్టు. షుగరు దిగకుంటే వేలు తీసెయ్యాలె. ఆ ఒక్క వేలుతోనే ఆగుతదని గూడ నేను చెప్పలేను."

తిరుగు బస్సులో ఆయన కిటికీలోంచి గోదావరిని చూస్తుంటే నేను ఆయన చిటికెన వేలిని చూస్తూ కూచున్నాను. అన్నేళ్ళ కాపురంలో ఆ వేలిని అంతసేపు చూడటం అదే మొదలు. చాలా భయమేసింది.

ఇంట్లోనైతే ఏదో ఒకటి వండిపెట్టొచ్చు. బాయిలోకి సద్ది ఏం కట్టాలి? అన్నం లేకుండా పులుసు దేనికి? వేపుడు ముక్కలు పెడితే టోపీ దీపం వెలుతురులో ముళ్ళు ఎట్లా ఏరుకుంటాడు? మేం ఖాలా అని పిలిచే పక్క క్వార్టర్ ముస్లిం పెద్దావిడ దారి చూపింది. వాళ్ళింట్లో మాంసం, శనగపప్పు కలిపి షామీ కబాబులు బాగా చేస్తారు.

"ముళ్ళు తీసేసి కబాబ్ లెక్కనే కొట్టు బేటీ. శనగపప్పు జాగల అండా వెయ్. గింతదానికి ఫికర్ ఎందుకు?" అంది.

ఫికర్ ఎందుకో పెంక మీద వేశాక తెలిసింది. తిరగేయగానే అన్నీ విచ్చిపోయి పొరటైపోయాయి. గుప్పెడు బియ్యప్పిండి పడితే చక్కగా నిలుస్తాయి. పిండి డబ్బా మూత మీదికి చెయ్యి పోయి వెనక్కి వచ్చింది. పిల్లలు ఆ పొరటు అన్నంలో కలుపుకుని తిని, రేపు కూడా ఇట్లాగే చెడగొట్టమన్నారు.

కొన్నాళ్ళు తిప్పలు పడితే కిటుకు దొరికింది. సగం చేపను ఆవిరికి ఉడికించి ముళ్ళు ఏరేయాలి. మిగతా సగాన్ని పచ్చిగానే చెంచాతో కండ గీకి, ఉప్పేసి, జిగురు వచ్చేదాకా రోట్లో దంచాలి. ఆ జిగురే ఉడికిన సగాన్ని పట్టుకుంటుంది. దాంట్లో వేయించి పొడిచేసిన ఎండు రొయ్యలు, నువ్వుల పొడి, ఒక గుడ్డు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ, కొత్తిమీర. బిళ్ళలు చేసి పెంక మీద వేశాక అంచులు ఎర్రబడేదాకా ముట్టుకోకూడదు. నాకు అసలే ఓపిక తక్కువ. అట్లకాడ పట్టుకుని ఊరికే నిలబడటం నాకు వంటకంటే కష్టంగా ఉండేది.

మొదటి రోజు డబ్బా ఖాళీగా వచ్చింది. మర్నాడూ అంతే. తుడిచిపెట్టినట్టు ఉండేది. నాకు ఎంత గర్వమో! ఇంట్లో కూడా ఆయన కంటికి అన్నం కనపడనిచ్చేదాన్ని కాదు. ముందు ఆయనకొక్కడికే గుడ్డూ కూరా పెట్టి, తినేశాక పిల్లలతో కలిసి వంటింట్లో తలుపు దగ్గరేసుకుని తినేదాన్ని. దొంగతనం మా వంతయింది.

కానీ షుగరు దిగలేదు. ఉల్లిగడ్డ మీద అనుమానమొచ్చి మానేశాను. నువ్వుల మీద అనుమానమొచ్చి తగ్గించాను. మళ్ళీ మంచిర్యాల పోతే డాక్టరు నన్నే గదమాయించాడు. "ఏం పెడుతున్నవమ్మా నువ్వు? ఇట్లయితే వేలు ఉండది." ఆయన గోడకున్న క్యాలెండరు చూస్తూ కూచున్నాడు. నా చేతి వంటే ఆయన కాలికి చేటు చేస్తోందేమోనని బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

తర్వాత సమ్మె వచ్చింది. బాయిలు ఆగిపోయాయి. జనం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకు తిని నిరసన తెలిపేవాళ్ళు. వంటావార్పు అనేవాళ్ళు దాన్ని. మా చౌరస్తాలో వంటావార్పు పెట్టిన మొదటి రోజే, ఈయన ఎక్కడ అన్నానికి ఎగబడతాడోనని బిళ్ళలు డబ్బాలో పెట్టుకుని నేనూ పోయాను. పెద్ద గంజులో అన్నం ఉడుకుతోంది. వాళ్ళ జట్టంతా ఒకచోట కూచుని ఉంది. జట్టులో పెద్దాయనను అందరూ కాక అంటారు. నేను మూత తియ్యగానే కాక మొహం వెలిగిపోయింది.

"ఓ కోడలా, గివి నీ చేతియేనా! రోజు మేమే తింటున్నం గదా. మస్తుగుంటయ్ తల్లీ. నీ మొగడు డబ్బా మాకిచ్చి మా బువ్వ తింటడు. తలా ఓ ముద్ద పెడ్తే కడుపు నిండుతదంటడు."

అంటూనే ఒకటి తీసుకుని కొరికాడు. నేను మా ఆయన వైపు చూశాను. పల్లీల గిన్నె దగ్గర దొరికినప్పటి మొహమే అది. కానీ ఈసారి నాకు నవ్వు రాలేదు.

"సిగ్గుందా నీకు?" అని నడిరోడ్డు మీద అరిచాను. "షుగరొచ్చి కాలు కుళ్ళుతుంటే బువ్వ తింటవా? డాక్టర్ నన్ను తిడ్తుంటే గోడకు చూసుకుంట కూసుంటివి! వేలు తీసేస్తమన్నరయ్య! వేలు!"

జట్టంతా ఆయన కాలి వైపు చూసింది. ఆ సంగతి జట్టులో ఎవరికీ తెలియదని అప్పుడే నాకు అర్థమైంది. కాక చేతిలో సగం కొరికిన బిళ్ళ అట్లాగే ఉండిపోయింది.

"గిన్నేండ్ల సంది ఒక్క దగ్గర తింటున్నం. మాకు చెప్తే ఏమైతుండెరా?" అన్నాడు.

మా ఆయన తల దించుకునే చెప్పాడు. "చెప్తే మీరు నాకు ముద్ద పెట్టరు గద కాక."

నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. బాయిలో సద్దులు విప్పగానే ఒకరి ముద్ద ఇంకొకరి చేతిలో పెట్టాకే తినడం వాళ్ళ అలవాటు. ఇంట్లో నేను ఒంటరిగా కూచోబెట్టి పెట్టే తిండి తిని, ఆయన ఆ ముద్ద కోసం ఎంత ఎదురుచూసేవాడో! ఆ రోజు ఇంటికి వచ్చాక నేనూ పిల్లలూ ఆయన పక్కనే కూచుని ఆయన తినేదే తిన్నాం.

సమ్మె విరమించాక మొదటి షిఫ్టు నుంచి వచ్చిన రోజు డబ్బా తీశాను. మళ్ళీ తుడిచిపెట్టినట్టు ఖాళీ. నా ఒళ్ళు మండింది.

"మల్ల బువ్వ తిన్నవా?"

"లే. అన్నీ నేనే తిన్న. కని నా చేతితోని ఒక్కటి గూడ తీసుకోలే."

అంటూ ఏడ్చేశాడు. కాక డబ్బా లాక్కుని, ఒక బిళ్ళ తుంచి ముద్దలాగా ఈయన చేతిలో పెట్టాడట. తర్వాత జట్టులో ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో ముక్క తుంచి పెట్టారట. వాళ్ళెవరూ ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదట.

పుండు మానడానికి చాలా రోజులు పట్టింది కానీ వేలు దక్కింది. రాష్ట్రం వచ్చేనాటికి కాక రిటైరయ్యాడు. ఎప్పుడైనా మా ఇంటికి వస్తే ఆయన కోసమే ఆ బిళ్ళలు చేస్తాను. పళ్ళెం ముందు పెట్టగానే ఒకటి తుంచి, "చెయ్యి పట్టురా," అంటాడు. మా ఆయన అరచెయ్యి చాపుతాడు. ఆ ముక్క ఆయన నోట్లోకి పోయేదాకా చూసి, అప్పుడు కాక తినడం మొదలుపెడతాడు.